చెనిక్కాయతో మూడు వారాలు

"రేపు ఎల్లో డే. పిల్లలకు పసుపు రంగు డ్రెస్ వేసి, బాక్సులో పసుపు రంగు పండు పెట్టి పంపగలరు." రాత్రి ఎనిమిదింటికి క్లాసు వాట్సాప్ గ్రూపులో ఇట్లాంటి మెసేజ్ పడిందంటే, అనంతపురంలో నర్సరీకి వెళ్లే బిడ్డ ఉన్న ఇంట్లో ఆ పూటకు టెన్షన్ మొదలైనట్టే. పసుపు చొక్కా ఉంటుంది, కానీ అది పోయిన ఏడాదిది, పొట్టయిపోయి ఉంటుంది. అరటిపండు దొరుకుతుంది, అదీ సగం పచ్చిది. ఎట్లో తంటాలు పడి పంపిస్తారు. మర్నాడు పదకొండుకల్లా ఫొటోలు వస్తాయి. గోడ మీద థర్మాకోల్ సూర్యుడు, కింద వరసగా నిలబడ్డ ఇరవై మంది పసుపు పిల్లలు, ఎండకు చిట్లించిన కళ్లు.

ఆ రోజు ఎవరు ఎంత పని చేశారో లెక్క తీస్తే సంగతి తేటపడుతుంది. టీచర్ ముందు రోజు సాయంత్రం కూర్చుని థర్మాకోల్ కోసింది. అమ్మ బజారుకు పోయివచ్చింది. నాన్న ఫొటోకు లైకు కొట్టాడు. బిడ్డ నిలబడింది. పసుపంటే ఏదో ఆ బిడ్డకు ముందే తెలుసు, ఇంట్లో గడపకు రాస్తుంటే చూస్తూనే ఉంది. అదే ఒక పచ్చి అరటికాయను తెచ్చి కిటికీలో పెట్టి, రోజూ ఒకసారి చూసి, ఎంత రంగు తిరిగిందో రంగు పెన్సిల్‌తో దిద్దుకుంటూ పోతే నాలుగైదు రోజులు చాలు. రంగు మారుతుందనీ, మారడానికి రోజులు పడుతుందనీ, పసుపులోనే ఎన్నో పసుపులుంటాయనీ బిడ్డే కనిపెడుతుంది. అయ్యే ఖర్చు ఒక్క అరటికాయ.

ఈ రెండింటినీ ఇప్పుడు థీమ్ అనే పిలుస్తున్నారు. ఒకటి గోడకు అతికేది, ఇంకొకటి చేతికి అందేది. పేరు ఒకటే కావడం వల్ల మొదటిది చేసి రెండోది చేశామనుకోవడం సులువైపోయింది.

అసలు థీమ్ ఎందుకొచ్చిందంటే, మూడు నుంచి ఆరేళ్ల బిడ్డకు లోకం సబ్జెక్టులుగా విడిపోయి కనపడదు. కుక్కపిల్ల కనపడితే దానికి పేరు పెట్టడం, కాళ్లు లెక్కపెట్టడం, దానిలా మొరగడం, దాని బొమ్మ గీయడం అన్నీ ఆ బిడ్డకు ఒకే పని. తొమ్మిదిన్నరకు తెలుగు, పదింటికి లెక్కలు, పదిన్నరకు రైమ్స్ అని ముక్కలు చేస్తే ఆ ముక్కల్ని అతుక్కునే భారం బిడ్డ మీదే పడుతుంది. అందుకని ఒక విషయాన్ని నడుమ పెట్టి మాట, లెక్క, పాట, బొమ్మ, ఆట అన్నింటినీ దాని చుట్టూ తిప్పుతారు. ఒవీడ్ డెక్రోలీ అనే బెల్జియం వైద్యుడు 1907లో బ్రస్సెల్స్‌లో బడి పెట్టి, ఇట్లాంటి విషయాలను 'ఆసక్తి కేంద్రాలు' అన్నాడు. ఆయన ఎంచుకున్నవి రంగులూ ఆకారాలూ కావు. తిండి, ఎండకూ చలికీ కాపు, ప్రమాదం నుంచి రక్షణ, పని. అంటే బతకడానికి కావలసినవి. ఆ తర్వాత 1918లో అమెరికాలో విలియం కిల్‌పాట్రిక్ అనే విద్యావేత్త, పిల్లలు ఒక పనిని తలకెత్తుకుని చేస్తూ నేర్చుకునే ప్రాజెక్టు పద్ధతి గురించి రాశాక ఈ ఆలోచన చాలా దూరం పాకింది.

మన దగ్గర గుజరాతీ విద్యావేత్త గిజుభాయి బధేకా 1920లో భావనగర్‌లో బాల మందిరం అనే చిన్నపిల్లల బడి మొదలుపెట్టారు. ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోదక్, తర్వాతి రోజుల్లో మహారాష్ట్రలో ఆదివాసీ పిల్లల ముంగిట్లోకే బడిని తీసుకుపోయారు. అంగన్ అంటే ముంగిలే. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం, ఐసీడీఎస్‌తో ఊరూరికీ వచ్చిన అంగన్‌వాడీల పేరులో ఆ ముంగిలి ఇప్పటికీ ఉంది. పనిలో ఎంత మిగిలిందన్నది ఊరిని బట్టి, టీచర్‌ను బట్టి ఉంటుంది.

కాగితాల మీదైతే గాలి ఇటువైపే వీస్తోంది. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును పునాది దశ అంది. దాని కోసం 2022లో వచ్చిన పాఠ్య ప్రణాళిక చట్రం, ఆరేళ్ల లోపు పిల్లలకు పాఠ్యపుస్తకమే వద్దంది. 2024లో అంగన్‌వాడీల కోసం 'ఆధారశిల' అనే ప్రణాళిక వచ్చింది. పుస్తకం వద్దన్నాక పొద్దున తొమ్మిది నుంచి పిల్లలతో ఏం చేయాలన్న ప్రశ్న వస్తుంది. దానికి జవాబు థీమే. ఇక తేలాల్సిందల్లా ఏ థీమ్ అన్నది.

చాలా తరగతుల గోడల మీద వాహనాల చార్టులో ఓడ, హెలికాప్టర్ ఉంటాయి. జంతువుల చార్టులో పెంగ్విన్ ఉంటుంది. అనంతపురం జిల్లా పల్లెలో బిడ్డ వాటిని చూడకూడదని ఎవరూ అనరు. డైనోసార్ పేరు చెబితే ఏ ఊరి బిడ్డకైనా కళ్లు మెరుస్తాయి. కథకు అవి బాగుంటాయి. కానీ రెండు మూడు వారాలు పిల్లల చేత పని చేయించడం వాటి వల్ల కాదు. పెంగ్విన్‌ను ఒలవలేం, తూచలేం, నానబెట్టలేం. దాని గురించి ఇంట్లో అవ్వను అడిగితే అవ్వకూ తెలియదు.

చెనిక్కాయ, అంటే వేరుశనగ, అయితే ఇవన్నీ చేయనిస్తుంది.

అక్టోబరు, నవంబరు నెలల్లో ఈ జిల్లాలో చెట్లు పీకుతుంటారు. వేళ్లతో, మట్టితో, కాయలతో సహా రెండు చెట్లు తెచ్చి తరగతి నడుమ పాత పట్టా మీద పడేస్తే మొదటి రోజు థీమ్ మొదలైనట్టే. చార్టు అక్కర్లేదు. ఆ పది నిమిషాలు టీచర్ నోరు మూసుకోవడమే అన్నింటికన్నా కష్టమైన పని. "ఇదేమిటి? ఇది వేరు, ఇది కాండం, చెప్పండి" అని మొదలుపెడితే అక్కడితో అయిపోతుంది. ఊరకుంటే పిల్లలే మొదలుపెడతారు. ఒకడు మట్టి రాలుస్తాడు. ఒక పిల్ల పచ్చి కాయను చెవి దగ్గర ఊపి చప్పుడు రాలేదంటుంది. ఆ మాట పట్టుకుని ఇంటి నుంచి తెచ్చిన ఎండుకాయ ఒకటి చేతికిస్తే అది గలగలమంటుంది. ఎందుకట్లా? జవాబు టీచర్ చెప్పనక్కర్లేదు. రెండూ ఒలిచి చూడమంటే సరి. పచ్చిదాంట్లో గింజ పొట్టును నిండా పట్టుకుని ఉంటుంది. ఎండినదాంట్లో గింజ చిక్కి, మెదలడానికి చోటొస్తుంది.

ఇక లెక్క. ఒకటి నుంచి ఇరవై దాకా పాటలా గడగడా అప్పజెప్పే నాలుగేళ్ల బిడ్డను, ఏడు కాయలు ముందు పెట్టి ఎన్నని అడిగితే చాలాసార్లు చిక్కు బయటపడుతుంది. వేలు ఒక కాయ మీద ఉంటుంది, నోరు రెండంకెలు ముందుకు పోయి ఉంటుంది. ఒకే కాయను రెండుసార్లు లెక్కపెడతారు. ఏడు దాకా సరిగ్గా వచ్చినా, "అయితే ఎన్ని?" అంటే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడతారు. చివరన పలికిన అంకే మొత్తం అని ఇంకా పట్టుబడలేదన్నమాట. ఇది అంకెలు రాయించడం వల్ల వచ్చేది కాదు. సుద్దతో నేల మీద ఏడు సున్నాలు గీసి, సున్నాకొక కాయ పెట్టించి, పెట్టేటప్పుడే అంకె పలికించాలి. అదీ ఒకటి రెండు రోజుల్లో కాదు, వారాల తరబడి. రోజూ అదే పని చేయించినా పిల్లలకు విసుగు రాకపోవడానికి కారణం, ప్రతి రోజూ కాయలతో చేసే పని వేరు.

ఉదాహరణకు గింజల పందెం. ఈ వైపు వేసే కదిరి-6 రకం కాయల్లో మామూలుగా రెండు గింజలుంటాయి. ఒక్క గింజవి, అరుదుగా మూడు గింజలవి కూడా తగులుతాయి. ఒలవక ముందే కాయ నడుమ నొక్కును తడిమి లోపల ఎన్నున్నాయో చెప్పమనాలి. చెప్పాక ఒలిచి చూడాలి. తర్వాత ఒంటి గింజ పొట్టు ఒకచోట, రెండు గింజలది ఒకచోట, మూడువి ఒకచోట వరసలుగా పేర్చాలి. రెండు గింజల వరస గోడ దాకా పోతుంది. మూడింటిది బెత్తెడు కూడా రాదు. ఏది పొడుగు, ఏది పొట్టి, ఎందుకట్లా అన్న మాటలు వాటంతట అవే వస్తాయి. పెద్ద తరగతుల్లో గ్రాఫ్ అనేది ఇదే. ఇక్కడ ఆ పేరు అవసరం లేదు.

తెలుగు ఇక్కడ ఒక తమాషా చేసింది. పుస్తకంలో దీని పేరు వేరుశనగ. ఆ పేరు చూసి క్యారెట్, ముల్లంగి పక్కన వేరుశనగను కూడా 'వేళ్లు' అనే గడిలో అతికించిన చార్టులు ఉంటాయి. అది వేరు కాదు, కాయ. పువ్వు భూమి పైనే పూస్తుంది. ఆ తర్వాత పువ్వు మొదట్లోంచి ఒక ఊడ కిందికి దిగి, మట్టిలోకి దూరి, అక్కడ కాయవుతుంది. పీకిన చెట్టులో ఊడను పట్టుకుని పైకి పోతే అది కాండం దగ్గర తేలుతుంది, వేరు దగ్గర కాదు. ఐదేళ్ల బిడ్డ వేలితో ఆ దారి పట్టుకుని పోగలదు. వేళ్లకు ఉన్న చిన్న చిన్న బుడిపెలను చూసి అవీ కాయలేనా అని కూడా అడుగుతారు. నొక్కి చూడమంటే చాలు, తేడా తెలుస్తుంది.

ఆట మూలకు పోతే అక్కడ కల్లం వెలుస్తుంది. రెండు కొబ్బరి చిప్పలకు తాడు కట్టి త్రాసు చేస్తే వ్యాపారం మొదలు. ఒకడు రైతు, ఒకడు కొనేవాడు, ఒకడు ట్రాక్టర్. ఈ ఆటలో పిల్లలు పలికే మాటలు ఎవరూ నేర్పినవి కావు. "తేమ ఉంది, రేటు రాదు" అని ఐదేళ్ల వాడు గద్దించగలడు, ఎందుకంటే ఆ మాట ఇంట్లో పడింది. "వాన లేదు, పంట పోయింది" అని కూడా ఆడతారు. వినడానికి ఇబ్బందిగా ఉందని టీచర్ ఆటను మార్చనవసరం లేదు. పెద్దవాళ్ల దిగులు పిల్లలకు ఆటలోనే అర్థమవుతుంది. ఆ సమయంలో అవతలివాడు ఏం జవాబు చెప్పాలా అని వెతుక్కునే మాటలే అసలైన భాషా పాఠం.

అంగన్‌వాడీకి ఈ పద్ధతి మరీ ఎక్కువగా నప్పడానికి ఇంకో కారణం ఉంది. ప్రైవేటు బడిలో నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ వేరు వేరు గదులు. అంగన్‌వాడీలో మూడేళ్లవాళ్లు, నాలుగేళ్లవాళ్లు, ఐదేళ్లు దాటినవాళ్లు ఒకే చాప మీద ఉంటారు. ఉండేది ఒక టీచర్, ఒక ఆయమ్మ. వయసుకొక పాఠం చెప్పాలంటే మిగతా రెండు జట్లూ గోడ చూస్తూ కూర్చోవాలి. ఒకే బుట్ట కాయలు నడుమ పెడితే చిన్నవాళ్లు పెద్దకాయ, చిన్నకాయ వేరు చేస్తారు. నాలుగేళ్లవాళ్లు సున్నాల్లో పెట్టి లెక్కపెడతారు. పెద్దవాళ్లు లోపలి గింజల్ని ఊహించి, ఒలిచి, వరస పేరుస్తారు. చిన్నవాళ్లు పెద్దవాళ్ల పనిని ఓరగా చూస్తుంటారు, వచ్చే ఏడాది పాఠం అప్పుడే సగం అయిపోతుంది.

మాట సంగతి కూడా ఇంతే. అనంతపురం జిల్లాలో బిడ్డ ఇంటి నుంచి తెచ్చే పేరు చెనిక్కాయ. కొన్ని ఊళ్లలో బుడ్డలు. రాయదుర్గం వైపు కన్నడం మాట్లాడే ఇళ్లలో శేంగా. ఉర్దూ ఇళ్లలో మూంగ్‌ఫలీ. తండా నుంచి వచ్చే బిడ్డకు వాళ్ల ఇంటి మాట ఉంటుంది. "అట్లా అనకూడదు, వేరుశనగ అనాలి" అని మొదటి రోజే దిద్దితే, నోరు విప్పిన బిడ్డ మళ్లీ ముడుచుకుంటుంది. అన్ని పేర్లూ చెప్పించి, వాటి పక్కన వేరుశనగ అనే పేరునూ పెట్టి, పల్లీ అని కొట్టువాడు అనేదీ చేర్చితే ఒకే వస్తువుకు ఇన్ని పేర్లా అని నవ్వుకుంటారు. పొడుపు కథలు కట్టించినా బాగుంటుంది. "ఇల్లుంది, తలుపు లేదు, లోపల ఇద్దరు నిద్రపోతున్నారు" అని టీచర్ ఒకటి అంటే పిల్లలు నాలుగు కడతారు. వాటిలో రెండు విప్పడానికి ఎవరి తరమూ కాదు.

క్యాలెండర్ సంగతి దగ్గర చాలామంది తప్పటడుగు వేస్తారు. రాష్ట్రమంతటికీ ఒకే పట్టిక వేస్తే వానాకాలం థీమ్ సహజంగా జూన్, జూలైలలో పడుతుంది. అనంతపురం వర్షచ్ఛాయ ప్రాంతం, అంటే కొండలు అడ్డుపడి వాన తక్కువగా పడే చోటు. ఏడాది మొత్తం మీద కురిసేది దాదాపు 550 మిల్లీమీటర్లు, అందులోనూ ఎక్కువ పడేది సెప్టెంబరులో. జూలైలో ఇక్కడ కాగితం పడవలు చేయిస్తే వదలడానికి నీళ్లుండవు, బకెట్‌లో వదలాలి. జూన్, జూలైలలో ఇక్కడ నిజంగా ఉండేది గాలి. రామగిరి, వజ్రకరూరు వైపు గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఆ నెలల్లో గాలిని థీమ్‌గా పెడితే కాగితం పంకాలు తిరుగుతాయి, ఆరేసిన గుడ్డ ఎటు ఎగురుతుందో చూడొచ్చు, చేటలో పొట్టూ గింజా కలిపి చెరిగితే ఏది ఎగిరిపోతుందో, ఏది మిగులుతుందో తెలుస్తుంది. వానను సెప్టెంబరు దాకా ఆపొచ్చు. మేఘం రాకముందే మేఘం పాట పాడించడం కన్నా అది నయం. ఎండాకాలం వచ్చే ముందు నీడల థీమ్ పెట్టుకోవచ్చు. తోలుబొమ్మలు చేసే నిమ్మలకుంట ఉన్న సీమ ఇది. 2022లో జిల్లాలు విడిపోయి ఆ ఊరు శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది గానీ తోలుబొమ్మ నీడకు జిల్లా హద్దు లేదు.

చెనిక్కాయతో ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. విడి గింజ చిన్నపిల్లల గొంతులో పడితే ఊపిరి గొట్టానికి అడ్డం పడే ప్రమాదం ఉంది. నాలుగేళ్ల లోపు పిల్లలకు గింజ గింజగా పెట్టకూడదని పిల్లల డాక్టర్లు గట్టిగా చెబుతారు. ముక్కులో దోపుకునే వీరులు కూడా ప్రతి తరగతిలో ఒకరుంటారు. అందువల్ల చిన్నవాళ్ల చేతికి పొట్టుతో ఉన్న కాయే ఇవ్వాలి. ఒలిచే పని పెద్ద పిల్లలు వేరే చాప మీద, టీచర్ కళ్లెదుటే చేయాలి. పని అయ్యాక గింజలు లెక్క చూసుకుని తీసేయాలి, అది కూడా లెక్కల పాఠమే. బూజు పట్టిన కాయలు తరగతిలోకి రాకూడదు. చెనిక్కాయ పడని పిల్లలు ఎవరైనా ఉన్నారా అని ముందే ఇళ్లలో అడిగి పెట్టుకోవాలి. రుచి చూపించాలనుకుంటే మెత్తగా నూరిన చెనిక్కాయ పచ్చడి, మన ఊరిబిండి, సంగటితో ఇవ్వొచ్చు. అది ఎట్లా చేస్తారో చెప్పడానికి ఏ బిడ్డ అవ్వనో పిలిస్తే ఆ రోజు టీచర్‌కు పని సగం తగ్గుతుంది. అవ్వ చెప్పే తీరు కూడా వేరు. రోకలితో నూరే చప్పుడు దగ్గర మొదలుపెట్టి ఎక్కడికో పోతుంది, పిల్లలు నోరు తెరుచుకుని వింటారు.

ఇంత చేశాక కూడా గేటు దగ్గర ఒక ప్రశ్న కాచుకుని ఉంటుంది. "ఏబీసీడీలు ఎప్పుడు రాయిస్తారు మేడమ్? పక్కింటి పాప అప్పుడే చిన్న బడిలో రెండు కాపీలు నింపింది." ఈ ప్రశ్నను తోసిపుచ్చడం తేలిక, కానీ న్యాయం కాదు. కూలికి పోయే అమ్మకు బిడ్డ చదువు కనపడే చోటు నోటుబుక్ ఒక్కటే. కాయలు పేర్చిన వరస సాయంత్రానికి ఊడ్చేస్తే ఇంటికి పోయేది ఏమీ లేదు. అందుకే థీమ్‌లో చేసిన పని కూడా కనపడేట్టు ఉండాలి. బిడ్డ గీసిన చెట్టు బొమ్మ కింద, బిడ్డ చెప్పిన మాటను చెప్పింది చెప్పినట్టే టీచర్ రాసి, తేదీ వేయాలి. "ఊడ కిందికి పోయి కాయ అయింది. చీకట్లో ఉంది." అని ఉన్న కాగితాన్ని అమ్మకు చదివి వినిపిస్తే ఆ రెండు వాక్యాల బరువు అమ్మకు తెలుస్తుంది. జూన్‌లో అదే బిడ్డ బొమ్మ కింద "చెట్టు" అని ఒక్క మాటే ఉంటే ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూపించొచ్చు. రాత కూడా ఇక్కడి నుంచే మొదలవుతుంది. తన నోటి మాట కాగితం మీద గీతలుగా మారడం చూసిన బిడ్డ, ఆ గీతలు తానూ గీయాలనుకుంటుంది. అప్పుడు 'చె' నేర్పితే నిలుస్తుంది. ఏబీసీడీల వంతు ఎటూ వస్తుంది.

థీమ్‌ను శనివారంతో ముగించాలన్న నియమం కూడా అక్కర్లేదు. మొదటి వారంలోనే నాలుగు గింజలు తడిగుడ్డలో చుట్టి పెడితే నాలుగైదు రోజుల్లో మొలక కనపడుతుంది. వాటిని పాత బకెట్‌లోనో, పగిలిన కుండలోనో నాటితే మిగతా థీమ్‌లు నడుస్తుండగానే ఇది ఒక పక్కన సాగుతుంది. నెల తిరిగేసరికి పసుపు పూలు వస్తాయి. పూసే పువ్వు పొద్దున్నే విచ్చుకుని, ఎండెక్కేసరికి వాడిపోతుంది. తొమ్మిదికి వచ్చిన బిడ్డ చూసిన పువ్వు, అన్నం తిని లేచేసరికి వేలాడుతుంటుంది. ఆలస్యంగా వచ్చినవాళ్లకు దొరకదు. టైముకు రమ్మని టీచర్ చెప్పే మాట కన్నా ఈ పువ్వు మాటే పిల్లలు ఎక్కువ వింటారు. ఇక్కడే అసలు ఎల్లో డే, అదీ ఇరవై రోజుల పాటు, డ్రెస్ ఖర్చు లేకుండా. తర్వాత ఊడలు దిగుతుంటే ఏ రోజుకు ఎంత కిందికి వచ్చిందో పుల్లతో కొలిచి చూసుకోవచ్చు.

నవంబరులో నాటిన ఆ బకెట్ చెట్టు పీకడానికి వచ్చేది సంక్రాంతి దాటి చాలా రోజులకు. అప్పటికి పిల్లలు చెనిక్కాయ థీమ్‌ను మరిచిపోయి పక్షుల్లో పడి ఉంటారు. బకెట్ చెట్టుకు కాపు పెద్దగా ఉండదు. ఒక ఎనిమిది కాయలు, అందులో రెండు లొట్ట. తరగతిలో పద్దెనిమిది మంది. ఆరు కాయలు పద్దెనిమిది మందికి ఎట్లా పంచాలన్నది ఆ రోజు పొద్దున్నుంచి పాలగ్లాసుల వేళ దాకా తెగదు. ఒకడు ఒలిచి పంచుదామంటాడు. ఒలిస్తే పదకొండు గింజలే తేలతాయి. ఒక పిల్ల మళ్లీ నాటుదామంటుంది.